మొదటి ఏడాది ఎవరు భరించాలి?

మా వీధిలో ఒక కుర్రాడు బీటెక్ పాసయ్యి, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేసే యూనిట్ పెట్టుకుంటానని బయల్దేరాడు. బ్యాంకుకు తోడు రమ్మంటే వెళ్లాను. చంకలో స్పైరల్ బైండింగ్ చేయించిన ప్రాజెక్టు రిపోర్టు పెట్టుకుని వచ్చాడు. మేనేజరు గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. రిపోర్టు అందుకుని పక్కన పెట్టి, "మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?" అని అడిగారు.

"టైలరండీ."

"ఇల్లు సొంతమేనా?"

"అద్దె ఇల్లండీ."

"గవర్నమెంటు ఉద్యోగస్తులు ఎవరైనా ష్యూరిటీ ఉంటారా?"

కుర్రాడు ఒకసారి నా వంక చూశాడు. "ఇది ష్యూరిటీ అక్కర్లేని లోనని చెప్పారండీ" అన్నాడు మెల్లగా.

"అవును బాబూ, రూలు అలాగే ఉంది. నెలాఖరు హడావిడి అయిపోనీ, చూద్దాం" అన్నారాయన.

బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి ఆ రిపోర్టు తిరగేశాను. ఒక నెట్ సెంటర్‌లో రెండు వేలిచ్చి చేయించాడట. పదకొండో పేజీలో ముడిసరుకు అన్నచోట కందులు అని ఉంది. ఎవరిదో పప్పు మిల్లు రిపోర్టుకి పేరు మార్చి అచ్చేసి ఇచ్చారు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినవాడికి యంత్రాల కొటేషన్ ఎలా చూడాలో, నెలకు ఎన్ని పెట్టెలు అమ్మితే బ్యాంకు వాయిదా వెళ్తుందో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. ఆ పదకొండో పేజీయే నన్ను ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది. చదువుకున్న పిల్లలు సొంత కాళ్ల మీద నిలబడాలని ప్రభుత్వాలు అరవై ఏళ్లుగా ఖర్చు పెడుతున్నాయి. ఆ ఖర్చు ఎక్కడ ఫలించింది, ఎక్కడ వాళ్లకు అందకుండా పోయింది అన్నది ఒకచోట పెట్టి చూసుకోవాలి.

ఎందుకు చూసుకోవాలో ఒక్క అంకె చాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం రాయడం రాని యువతలో అది 3.4 శాతం. చదువు లేనివాడు దొరికిన పనికి వెళ్లిపోతాడు. చదివించడానికి అప్పు చేసిన ఇల్లు మాత్రం దొరికిన పనికల్లా కొడుకును పంపలేదు, కూతురిని అసలే పంపలేదు.

ఈ ప్రయత్నం మన నేల మీద కొత్తది కాదు. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఇవాళ జాతీయ ఎంఎస్‌ఎంఈ సంస్థగా ఉన్న శిక్షణ కేంద్రం 1960ల మొదట్లో సియెట్ పేరుతో ఉండేది. మనిషిలో ఏదైనా సాధించాలన్న పట్టుదలను శిక్షణతో పెంచవచ్చా అన్న ప్రశ్న పట్టుకుని హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ ఆ సంస్థతో చేయి కలిపారు. 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా పిలిపించి శిక్షణ ఇచ్చారు. శిక్షణ పొందినవాళ్లు ఆ తర్వాత కొత్త పెట్టుబడులు పెట్టడంలోనూ, పనివాళ్లను పెంచుకోవడంలోనూ శిక్షణ లేనివాళ్లకంటే ముందున్నారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి రాసిన పుస్తకంలో చెప్పారు. ప్రపంచమంతా చదివిన పుస్తకం అది. కాకినాడ పేరు అభివృద్ధి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది అలాగే.

ఆ పాఠాన్ని మనం సగమే నేర్చుకున్నామని నా అభిప్రాయం. కాకినాడ నుంచి వెళ్లినవాళ్లు అప్పటికే వ్యాపారులు. వాళ్లకు కొట్టు ఉంది, సరుకు ఉంది, బజారులో పరపతి ఉంది. శిక్షణ ఆ నిప్పును రాజేసింది. 1970లో గుజరాత్ ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణ మొదలుపెట్టింది, 1983లో అహ్మదాబాద్‌లో దానికోసం ఒక జాతీయ సంస్థే వచ్చింది, ఆ తరహా తరగతులు దేశమంతా పాకాయి. కొట్టూ, పరపతీ లేని పట్టభద్రుడికి కూడా అవే తరగతులు చెప్పి, చివరిరోజు సర్టిఫికెట్ చేతికిచ్చి ఇంటికి పంపడం అలవాటైపోయింది.

తర్వాత అప్పుల కాలం వచ్చింది. 1993 అక్టోబరు 2న మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన చదువుకున్న నిరుద్యోగులకు లక్ష రూపాయల వరకు అప్పు ఇప్పించింది. మన ఊళ్లలో చాలా ఎస్టీడీ బూతులూ, జిరాక్స్ షాపులూ, ఆటో స్పేర్ పార్టుల కొట్లూ అలా పుట్టినవే. 2008లో దాన్ని మరో గ్రామీణ పథకంతో కలిపి పీఎంఈజీపీ చేశారు. ఇప్పుడు తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. సబ్సిడీ పట్టణంలో జనరల్ కేటగిరీకి 15 శాతం నుంచి పల్లెలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలకు 35 శాతం దాకా ఉంది. వినడానికి బాగుంటుంది. ఆ సబ్సిడీ మాత్రం చేతికి రాదు. బ్యాంకులో డిపాజిట్‌గా మూడేళ్లు పడి ఉంటుంది. యూనిట్ నడుస్తోందని తేలాకే అప్పులో సర్దుతారు. దుర్వినియోగాన్ని ఆపడానికి పెట్టిన నియమం అది, అందులో న్యాయం ఉంది. అయితే కొత్తగా దిగినవాడికి డబ్బు గట్టిగా కావలసింది మొదటి ఆరు నెలల్లో. సాయం మాత్రం మూడేళ్లు నిలదొక్కుకున్నాక అందుతుంది.

2015లో ముద్ర, 2016లో స్టాండప్ ఇండియా వచ్చాయి. ముద్రలో 50 వేల లోపు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు 20 లక్షల వరకు ఇవ్వాలని 2024 బడ్జెట్‌లో చేర్చారు. తాకట్టు అడగకూడదన్నది నియమం. స్టాండప్ ఇండియాలో ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకీ, ఒక మహిళకూ 10 లక్షల నుంచి కోటి వరకు అప్పు ఇవ్వాలని నిర్దేశించారు. నియమం ఉంది. "మీ నాన్నగారు ఏం చేస్తారు" అన్న ప్రశ్న కూడా ఉంది. నేను మేనేజరును తప్పుపట్టను. అప్పు మొండిబాకీ అయితే సంజాయిషీ రాసుకోవలసింది ఆయన. ఇలాంటి అప్పులకు ప్రభుత్వ హామీ నిధి ఉన్నా ఆ డబ్బు రాబట్టడానికి తిరగవలసింది ఆయన. పథకం రాసినవాళ్లు ఆ బరువును ఢిల్లీలో మోయరు, శాఖ కౌంటరు మీద దించుతారు. మనిషిని తెలుసుకునే వ్యవధి ఆయనకు లేనప్పుడు, నాన్న వృత్తీ ఇంటి పట్టా తప్ప చూసుకోవడానికి ఆయన చేతిలో మరో కొలత ఉండదు.

వీటికి సమాంతరంగా మరో దారి పడింది. 2015 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రకటించి, 2016 జనవరి 16న మొదలుపెట్టిన స్టార్టప్ ఇండియా అది. సిడ్బీ చేతిలో 10,000 కోట్ల మూలనిధి పెట్టారు. పదేళ్లలో ఏవైనా మూడేళ్లు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చారు. 2021లో 945 కోట్లతో సీడ్ ఫండ్ తెచ్చారు. నమూనా తయారీకి 20 లక్షల వరకు గ్రాంటు దాని కిందే వస్తుంది. 2012 నుంచి కొత్త సంస్థలను వేధించిన ఏంజెల్ ట్యాక్స్‌ను 2024లో ఎత్తేశారు. గుర్తింపు పొందిన స్టార్టప్‌లు 2016లో కొన్ని వందలు, 2024 చివరికి లక్షన్నర దాటాయి. మన రాష్ట్రాలూ వెనకబడలేదు. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ఐటీ ఆవరణలో టీ-హబ్ తెరిచారు, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మార్చారు. మహిళల కోసం 2018లో వీ-హబ్, వస్తువుల నమూనాలు తయారుచేసుకోవడానికి 2023లో టీ-వర్క్స్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ మొదలైంది, విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాల్లో దానికి అనుబంధ కేంద్రాలున్నాయి.

ఈ రెండు దారుల మధ్య ఉన్న ఖాళీయే నన్ను కలవరపెడుతోంది. ఒక దారి స్వయం ఉపాధిది, ఎనిమిదో తరగతి చదివినవాడి కోసం గీసినది. రెండోది స్టార్టప్‌ది, ఇంగ్లిష్‌లో పది స్లయిడ్లు చూపించి పెట్టుబడిదారుణ్ని ఒప్పించగలవాడి కోసం గీసినది. 10,000 కోట్ల నిధి కూడా నేరుగా కుర్రాళ్లకు రాదు. ముందు పెట్టుబడి ఫండ్లకు వెళ్లి, వాటి ద్వారా, అవి ఎంచుకున్న సంస్థలకు చేరుతుంది. పలాసలో జీడిపప్పు తొక్క తీసే యంత్రాన్ని బాగుచేద్దామనుకున్న మెకానికల్ ఇంజనీరు, నంద్యాలలో విత్తన పరీక్షల ల్యాబు పెట్టుకుందామనుకున్న బీఎస్సీ అమ్మాయి ఏ దారిన వెళ్లాలి? జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే టీ-హబ్‌కు వెళ్లమంటారు. హైదరాబాద్‌లో అడిగితే "ఇది స్కేల్ అవ్వదు" అంటారు. మన పట్టభద్రుల్లో అత్యధికులు ఈ నడిమధ్యనే ఉన్నారు.

బయటి దేశాలు ఈ పనిని ఎలా చేశాయో, చేశాక లెక్క ఎలా తీశాయో చూస్తే మనకు కొంత దారి కనిపిస్తుంది. అన్నిటికంటే మనకు దగ్గరది ట్యునీషియా. 2009-10 విద్యాసంవత్సరంలో అక్కడ డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. మామూలు ప్రాజెక్టు బదులు వ్యాపార ప్రణాళిక రాయవచ్చు, దానికి శిక్షణ, వెన్నంటి ఉండే సలహాదారు ఉంటారు. కోరినవాళ్లలో లాటరీ తీసి సగంమందికి ఇచ్చారు కాబట్టి పోల్చడానికి వీలైంది. ఏడాది తర్వాత చూస్తే సొంత పని పెట్టుకున్నవాళ్లు స్వల్పంగా పెరిగారు, మొత్తం ఉపాధి మాత్రం పెరగలేదు. ఉద్యోగానికి వెళ్లవలసినవాళ్లు కొందరు ఇటు వచ్చారు, అంతే. నాలుగేళ్ల తర్వాత ఆ కొద్ది తేడా కూడా చెరిగిపోయింది. తరగతి గది ఒక్కటే చాలదని తేల్చడానికి ఇంతకంటే నిక్కచ్చి సాక్ష్యం నాకు కనపడలేదు.

దీనికి ఎదురుగా నైజీరియాను పెట్టండి. 2011లో అక్కడి ప్రభుత్వం యువ వ్యాపార ప్రణాళికల పోటీ పెడితే 24 వేల దరఖాస్తులు వచ్చాయి. 1,200 మందిని ఎంచి ఒక్కొక్కరికి సగటున 50 వేల డాలర్ల గ్రాంటు ఇచ్చారు. చాలా పెద్ద మొత్తం అది. పోటీలో దాదాపు సమానంగా నిలిచినవాళ్లలో కొందరికి లాటరీతో ఇవ్వడంతో ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ ఫలితాన్ని సరిగ్గా కొలవగలిగారు. మూడేళ్లకు గెలిచినవాళ్ల సంస్థలు నిలబడే అవకాశం బాగా ఎక్కువగా ఉంది, పదిమందికి పైగా పనివాళ్లున్న సంస్థలు చెప్పుకోదగ్గ సంఖ్యలో వచ్చాయి. డబ్బు విడతలుగా ఇచ్చారు, మునుపటి విడతకు పని చూపించాకే తర్వాతిది ఇచ్చారు. ఆ దేశంలో అవినీతి లేదని కాదు. కాగితం మీద నియమం స్పష్టంగా ఉండి ఎంపిక సిఫారసుకు లొంగకుండా ఉంటే అలాంటి చోట కూడా పని జరిగిందని.

చిలీ కథ ఇంకో మలుపు చూపిస్తుంది. 2010లో మొదలైన స్టార్టప్ చిలీ ప్రపంచం నలుమూలల నుంచి యువతను పిలిచి, వాటా అడగకుండా సుమారు 40 వేల డాలర్లు, ఆఫీసులో చోటు ఇచ్చింది. పరిశోధకులు తర్వాత లెక్క తీస్తే, డబ్బూ చోటూ మాత్రమే అందుకున్నవాళ్లకూ అవి అందనివాళ్లకూ తేడా కనపడలేదు. వాటితోపాటు క్రమం తప్పకుండా పిలిచి "పోయిన నెల ఏం చెప్పావు, ఈ నెల ఏం చేశావు" అని అడిగే పెద్దమనిషి ఉన్నవాళ్లు పైకొచ్చారు. మన హబ్బుల్లో కుర్చీలూ, గాజు గోడలూ, వైఫై ఉన్నాయి. ఆ అడిగే మనిషి ఎంతమందికి దొరుకుతున్నాడు? నాకు తెలిసినంతలో ఈ పని నిజంగా చేస్తున్నవి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల వారు రెండు బ్యాంకులతో కలిసి పెట్టిన రుడ్‌సెట్ నమూనా అది. శిక్షణ అయ్యాక రెండేళ్లపాటు వెంట ఉండి, అప్పు ఇప్పించి, పని మొదలైందో లేదో చూడటం వాళ్ల నియమం. అనంతపురంలోనూ రుడ్‌సెట్ ఉంది. కుట్టుపని, మొబైల్ రిపేరు, పాడిపశువుల మీద నడిచే ఆ పద్ధతిని పట్టభద్రులకు ఎందుకు విస్తరించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

ఫ్రాన్స్ చేసిన పని మాత్రం నా దృష్టిలో అన్నిటికంటే తెలివైనది. 2002లో నిరుద్యోగ బీమా నియమాన్ని కొద్దిగా మార్చారు. ఉద్యోగం పోయినవాడు సొంత సంస్థ పెడితే భృతి హక్కు పోదు, దెబ్బతింటే మళ్లీ భృతికి రావచ్చు. అప్పు ఇవ్వలేదు, గ్రాంటు ఇవ్వలేదు, భవనం కట్టలేదు. కొత్త సంస్థల స్థాపన సుమారు 25 శాతం పెరిగింది. అలా వచ్చినవి నాసిరకం సంస్థలు కావని కూడా తేలింది. మనిషిని ఆపుతున్నది పెట్టుబడి లేకపోవడం కంటే పడిపోతే ఏమిటన్న భయమని ఆ ఒక్క సవరణ బయటపెట్టింది.

ఆ భయం మన ఇళ్లలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివే కొడుక్కి తల్లిదండ్రులు నాలుగేళ్లు, ఐదేళ్లు డబ్బు పంపుతారు. నోటిఫికేషన్ రాకపోయినా, వచ్చి కోర్టుల్లో ఆగిపోయినా ఓపిక పడతారు. అదే కొడుకు వ్యాపారం పెట్టుకుంటానంటే ఆరు నెలలు ఆగరు. "చుట్టాలకు ఏం చెప్పుకోమంటావురా?" అంటారు. వాళ్లది ప్రేమ లేకపోవడం కాదు. పరీక్ష తప్పితే వయసు పోతుంది, వ్యాపారం తప్పితే అప్పు మిగులుతుంది. చెల్లెలి పెళ్లి ఆగుతుంది. ఆ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు.

"ప్రభుత్వం ఎందుకు భరించాలి" అనేవాళ్ల వాదనను కూడా తోసిపుచ్చలేం. అమెరికా ఆచార్యుడు స్కాట్ షేన్ 2009లో సూటిగా రాశారు: ఎక్కువమందిని వ్యాపారంలోకి తోయడం చెడ్డ విధానం, సగటు కొత్త సంస్థ ఉద్యోగాలూ ఇవ్వదు, కొత్తదనమూ తేదు, ఎదిగే కొద్దిపాటి సంస్థలనే చూసుకోవాలని. హార్వర్డ్‌కు చెందిన జాష్ లెర్నర్ అదే ఏడాది పుస్తకంలో ప్రభుత్వాలు ఈ పనిలో డబ్బు ఎలా పారబోసుకున్నాయో దేశదేశాల ఉదాహరణలతో చూపించారు, 1993లో 10 కోట్ల డాలర్లతో ఇజ్రాయెల్ పెట్టిన యోజ్మా లాంటి కొద్దిపాటి విజయాలను పక్కనే చెప్పారు. మరో అధ్యయనం అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన సంస్థల స్థాపకుల సగటు వయసు 45 అని తేల్చింది. అదే రంగంలో ముందు పనిచేసినవాళ్లకు విజయావకాశం చాలా ఎక్కువట. కాలేజీ మానేసి కోటీశ్వరుడైన కుర్రాడి కథను పత్రికల్లో మనం ఎంత ముద్దుగా రాసుకున్నా, వాస్తవం అది.

ఈ వాదనలు నన్ను పట్టభద్రులను వదిలేయమన్న చోటికి తీసుకెళ్లలేదు. మన చరిత్రే అందుకు కారణం. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరుల మందుల కంపెనీలు ఏ ఔత్సాహిక పథకం కిందా పుట్టలేదు. 1960లలో సోవియట్ సహకారంతో హైదరాబాద్‌కు ఐడీపీఎల్ ఫ్యాక్టరీ వచ్చింది. అందులో వందల మంది కెమిస్టులు రియాక్టర్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. నేర్చుకున్న పనికి దారి తెరుచుకుంది. పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టింది ఆ దారిలోనే. హైదరాబాద్‌లో మందుల తయారీలోకి దిగిన ఎందరికో ఐడీపీఎల్ జీతమిచ్చిన బడి. శాంతా బయోటెక్నిక్స్‌ను చూడండి. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి 1993లో మొదలుపెట్టినప్పుడు పరిశోధనకు చోటిచ్చినవి ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత సీసీఎంబీ. 1997లో హెపటైటిస్-బి టీకా వచ్చింది, విదేశీ టీకా ధర అందనివాళ్లకు అందింది.

నిన్న మొన్నటి కథ కూడా అదే. ఇస్రోలో కొన్నేళ్లు పనిచేసిన పవన్ కుమార్ చందన, భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. 2022 నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది, దేశంలో ప్రైవేటు సంస్థ ప్రయోగించిన మొదటి రాకెట్ అది. ప్రయోగ వేదిక ప్రభుత్వానిది, అనుభవం ప్రభుత్వ సంస్థలో సంపాదించుకున్నది. విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు చేసే చిన్న సంస్థలు కోట్ల విలువైన పరీక్షా యంత్రాలు కొనుక్కోనక్కర్లేదు. ఉమ్మడి ల్యాబుల్లో ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ఇక్రిశాట్ 2003లోనే వ్యవసాయ వ్యాపారాల ఇన్‌క్యుబేటర్ పెట్టింది. పట్టభద్రుడికి పనికొచ్చే సాయం ఇలాగే ఉంటుంది. జీతంతో పని నేర్చుకునే చోటు, తాను కొనలేని యంత్రం దగ్గరికి ప్రవేశం, పక్కనే ఆ విద్య తెలిసిన పెద్దవాళ్లు ఉండాలి.

పట్టభద్రుడికి మొదటి ఏడాది జీతంలాంటిది ఇచ్చే పథకం మనకు అసలు లేదా అంటే, ఒకటుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిధి-ఈఐఆర్ కింద సొంత సంస్థ పెట్టే యువతకు నెలకు గరిష్ఠంగా 30 వేల రూపాయల భృతి ఇస్తారు. నిధి-ప్రయాస్ కింద నమూనా తయారీకి 10 లక్షల వరకు, బైరాక్ వారి బిగ్ కింద జీవసాంకేతిక ఆలోచనలకు 50 లక్షల వరకు గ్రాంటు ఉంది. తొలి దశలో ఇచ్చే చిన్న గ్రాంటు ఎంత పనిచేస్తుందో అమెరికా ఇంధన శాఖ గ్రాంట్లపై సబ్రినా హవెల్ చేసిన అధ్యయనం చూపించింది. మొదటి విడత లక్షన్నర డాలర్లు అందుకున్న సంస్థలకు తర్వాత పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపయింది, రెండో విడతలో ఇచ్చిన పెద్ద మొత్తానికి అంత ఫలితం లేదు. జర్మనీ ఎగ్జిస్ట్ పథకం పట్టభద్రులకు విశ్వవిద్యాలయం ద్వారానే ఏడాదిపాటు నెలవారీ భృతి ఇస్తుంది. మన నిధి-ఈఐఆర్ మంచి పథకమే. అది ఎంపిక చేసిన ఇన్‌క్యుబేటర్ల ద్వారా, సాంకేతిక ఆలోచన ఉన్న కొద్దిమందికే వెళ్తుంది. జిల్లా కాలేజీలో ఆ పేరు విన్న విద్యార్థిని నేను ఇంతవరకు కలవలేదు.

ఇక్కడే నా మాట స్పష్టంగా చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. రెండు రాష్ట్రాలూ ఏదో ఒక పేరుతో కొనసాగించాయి. లక్షలాది ఇళ్లలో మొదటి ఇంజనీరు పుట్టాడంటే ఆ పథకం చలవే, దాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. నాలుగేళ్ల చదువు భరించిన ప్రభుత్వం ఐదో ఏడాది గుమ్మం దగ్గరే చేయి వదిలేస్తోంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో నిరుద్యోగ పట్టభద్రులకు నెలకు 1,000 రూపాయలు, ఆ తర్వాత 2,000 ఇచ్చింది. ప్రభుత్వం మారాక ఆగిపోయింది. అది ఖాళీగా ఉన్నందుకు ఇచ్చిన భృతి. పని పెట్టుకున్నందుకు ఇస్తే?

లెక్క వేద్దాం. నెలకు 15 వేల చొప్పున ఏడాదికి ఒకరికి లక్షా 80 వేలు. రాష్ట్రంలో ఏటా 10 వేల మందికి ఇస్తే 180 కోట్లు. ఇంటికి నెలకు ఇంత పంపగలిగితే "చుట్టాలకు ఏం చెప్పుకోవాలి" అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నైజీరియాలోలాగా విడతల మీద, చిలీలోలాగా నెలనెలా అడిగే మనిషితో, మన రుడ్‌సెట్‌లాగా రెండేళ్ల వెంబడింపుతో ఇవ్వాలి. కావాలనుకున్నవాళ్లు ఆ ఏడాదిని ఒక చిన్న పరిశ్రమలో పని నేర్చుకోవడానికీ వాడుకోవాలి. ఎంపికలో ఎమ్మెల్యే లెటరుకు చోటు ఉండకూడదు. తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు తిరిగి చెల్లించనక్కర్లేకుండా ఇవ్వడం సాహసమైన ఆలోచన, ష్యూరిటీ లేని ఇళ్లకు అంతకంటే సూటి సాయం లేదు. దానికి వచ్చిన చెడ్డపేరంతా ఎంపిక దగ్గరే వచ్చింది. 2025లో అక్కడే రాజీవ్ యువవికాసం అనే స్వయం ఉపాధి పథకానికి 5 లక్షల మంది లక్ష్యమంటే 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మంజూరు పత్రాలిస్తామన్న జూన్ 2 గడిచిపోయింది. ఆశ పెట్టి ఆపడం ఏమీ ఇవ్వకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ నెలల్లో కుర్రాడు ఉద్యోగం కూడా వెతుక్కోడు.

కాలేజీలు చేయగలిగింది చిన్నదే అయినా ఉంది. సొంత సంస్థ నడిపే విద్యార్థులకు కేరళ 20 శాతం హాజరు మినహాయింపు, 4 శాతం గ్రేస్ మార్కులు ఇచ్చింది. మన దగ్గర ఇన్నొవేషన్ సెల్ బోర్డు గోడకు ఉంటుంది, 75 శాతం హాజరు తగ్గితే మాత్రం కండొనేషన్ ఫీజు కట్టించుకుంటారు.

భృతి తర్వాత కావలసింది మొదటి కొనుగోలుదారు. దీనిమీద మన చర్చల్లో సరైన శ్రద్ధ లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. స్టార్టప్‌లకు పూర్వానుభవం, టర్నోవర్ షరతులు సడలించవచ్చు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం 45 రోజుల్లో బిల్లు చెల్లించాలి, తప్పితే రిజర్వుబ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ ఉండదు. ఒక కొత్త సంస్థ ఆ వడ్డీ కోసం తన ఏకైక కొనుగోలుదారు మీద, అందులోనూ ఒక ప్రభుత్వ శాఖ మీద ఫిర్యాదు చేస్తుందా? చేయదు. బిల్లు కోసం ట్రెజరీ చుట్టూ తిరుగుతుంది, ఈలోగా చేబదులు తెస్తుంది, నూటికి మూడు రూపాయల వడ్డీకి. గ్రాంటు ఇచ్చే చేత్తోనే బిల్లు ఆపితే ఆ గ్రాంటు వడ్డీవ్యాపారికి చేరుతుంది. అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు ఏటా వెళ్లే సరుకులో చిన్న వాటా జిల్లాలోని యువ సంస్థలకు కేటాయించి, నెల తిరక్కుండా డబ్బు చెల్లిస్తే ఏ హబ్బూ చేయలేని మేలు జరుగుతుంది. మా వీధి కుర్రాడి చిరుధాన్యాల బిస్కెట్లకు అంతకంటే సహజమైన కొనుగోలుదారు ఎవరుంటారు?

ఉగాండా పాఠం ఒకటి మిగిలింది. అక్కడ నిరుద్యోగ యువతకు మనిషికి సుమారు 400 డాలర్ల గ్రాంటు ఇస్తే నాలుగేళ్లకు ఆదాయం 38 శాతం పెరిగింది. తొమ్మిదేళ్లకు చూస్తే గ్రాంటు అందనివాళ్లు కూడా దాదాపు అక్కడికే చేరుకున్నారు. కొందరు దీన్ని వైఫల్యమంటారు. నేను అనను. పాతికేళ్ల వయసులో నాలుగైదేళ్లు ముందుగా నిలదొక్కుకోవడం ఒక ఇంటికి ఎంతో మేలు. కాకపోతే తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లి చూసే అలవాటు ఆ అధ్యయనం చేసినవాళ్లకుంది, అందుకే ఈ సంగతి తెలిసింది. మనం ప్రారంభోత్సవం నాటి సంఖ్య చెప్పుకుంటాం. ఎన్ని రిజిస్ట్రేషన్లు, ఎన్ని ఎంఓయూలు, ఎన్ని వేల చదరపు అడుగులు అంటాం. మూడో ఏడాది ఎవరూ తలుపు తట్టరు.

మా కుర్రాడు ఎనిమిది నెలలు ఆ బ్యాంకు మెట్లెక్కి దిగి, మేడ్చల్ దగ్గర ఒక గోదాములో సూపర్‌వైజరుగా చేరాడు. ఇంటికి డబ్బు పంపుతున్నాడు, వాళ్లమ్మ సంతోషంగానే ఉంది. అతనిలాంటివాళ్ల పేర్లు ఏ పథకం లెక్కలోనూ ఉండవు.

రాబోయే బడ్జెట్ సమావేశాల్లో ఏ పార్టీ సభ్యులైనా సరే, లేచి ఒక్క ప్రశ్న వేయాలని నా విన్నపం. మూడేళ్ల కిందట ప్రభుత్వ సాయంతో యూనిట్ పెట్టిన పట్టభద్రుల్లో ఇవాళ ఎంతమంది ఇంకా కరెంటు బిల్లు కడుతున్నారు? దీనికి కమిటీ అక్కర్లేదు, సర్వే అక్కర్లేదు. ఆ మీటరు నంబర్లన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.